ఏడవ అధ్యాయము: పోతుల లెక్క

నా దొడ్డిలో మునుపొక పోతు ఉండెడిది. ఉస్మానాబాదు జాతిది, ఒడలెల్ల నిగనిగలాడు నలుపు, చెవుల మీద మాత్రము సున్నము చిలికినట్లు తెల్లచుక్కలు, వెనుకకు ఒరిగిన కొమ్ములు. జహీరాబాదు అంగడికి తోలుకొనిపోయినప్పుడు దానిని అమ్మనని ముందుగానే చెప్పినను, కసాయివారును పెంపకందారులును ఒకే తీరున వచ్చి వెన్ను తడిమి, తొడలు నొక్కి, నిట్టూర్చి పోయెడివారు. దానికి నేను కాటుక అని పేరు పెట్టితిని. 25 ఆడమేకలకు అదియొక్కటే పోతు. తొలి ఈతలో పుట్టిన పిల్లలను చూచి ఊరివారు అసూయపడిరి. ఆ పిల్లలలో ఆడవాటిని అమ్ముకొనక నిలుపుకొంటిని. అవి పెరిగి ఎదకు వచ్చునప్పటికి మందలో వేరొక పోతు లేనందునను, వెదకినను దీనికంటె మేలైనది దొరకదను గర్వము నన్ను విడువనందునను, వాటిని కూడ కాటుకయే దాటెను.

మూడవ యేట దొడ్డి కళ తప్పెను. ఒక పిల్లకు క్రింది దవడ పొట్టిదై చన్ను అందలేదు. ఒక మగపిల్లకు రెండు వృషణములలో ఒకటి సంచిలోనికి దిగనే లేదు. పెక్కు పిల్లలు పుట్టుచునే తేలికగా పుట్టి, చలిరాత్రులకు ఆగలేకపోయెను. నట్టల మందు పోసితిని, ఖనిజలవణపు ఇటుకలు వ్రేలాడగట్టితిని, మేపు మార్చితిని. చివరకు ఆ దారిని పోవుచు మంచినీళ్ళకై ఆగిన ఒక వృద్ధ గొల్ల మందనంతను కలయజూచి, కాటుకను చూచి, దాని పోలికనే యున్న పడుచు మేకలను చూచి, నవ్వీ నవ్వక ఇట్లనెను: “సారూ, పసురానికి వావి లేకుంటే లేకపాయె, గాసేటోనికన్న ఉండాలె గద.”

ఈ అధ్యాయమంతయు ఆ ముసలివాని మాటకు వ్యాఖ్యానమే యని అనుకొన్నను నాకు అభ్యంతరము లేదు.

మాంసమునకై పెంచు మంద వేరు, జాతిని నిలుపుటకై పెంచు మంద వేరు. మొదటిదానియందు తప్పు జరిగినచో సంతలో మరి రెండు మేకలను కొని దిద్దుకొనవచ్చును. రెండవదానియందు ఆ సౌకర్యము లేదు. ఏలయన ఆ జాతి మేకలు లోకమున కొన్ని వందలే మిగిలియున్నప్పుడు మీ మందయే సంత, మీ దొడ్డియే దాని సర్వస్వము. అందుచేత జాతిరక్షకుడు చేయవలసిన మొదటి పని మేలైన మేకను ఎన్నుకొనుట కాదు. ఉన్నవాటిలో దేనిని పోగొట్టుకొనుచున్నాడో తెలిసికొనుట.

ప్రతి ప్రాణికిని ప్రతి లక్షణమునకు సంబంధించిన జన్యువు తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి వచ్చును. ఆ రెండును ఒకే పూర్వికునినుండి ఇరుదారులుగా దిగివచ్చిన ఒకే ప్రతికి నకళ్ళైనచో, ఆ ప్రతిలో దాగియున్న దోషమును కప్పిపుచ్చుటకు రెండవ జన్యువు ఉండదు. అట్లు జరుగుటకు గల అవకాశమెంతయో లెక్కించు విధానమును అమెరికా దేశపు శాస్త్రజ్ఞుడు స్యూవల్ రైట్ 1922లో ప్రకటించెను. తండ్రి కూతుళ్ళు కూడినను, తోబుట్టువులు కూడినను పుట్టిన పిల్లకు ఆ అవకాశము నాలుగింట ఒకటి. తండ్రి ఒకడై తల్లులు వేరైన అన్నాచెల్లెండ్రకు ఎనిమిదింట ఒకటి. అన్నదమ్ముల లేక అక్కచెల్లెండ్ర బిడ్డలు కూడినచో పదునారింట ఒకటి. కాటుక తన కూతుళ్ళను దాటగా పుట్టిన పిల్లలన్నియు మొదటి తరగతిలోనివి. నేను పోసిన నట్టల మందు వాటికేమి చేయగలదు?

ఇచ్చట ఒక మాట ప్రక్కదారిగా చెప్పుకొందము. సగోత్రమనిన ఉలికిపడు మన ఇండ్లలో మేనరికము ముచ్చటైన సంబంధము, మేనమామకు అక్క కూతురు హక్కుగల వధువు. రైట్ లెక్కకు గోత్రముతో పని లేదు: మేనబావ మరదళ్ళ బిడ్డకు పదునారింట ఒకటి, మేనమామ మేనకోడళ్ళ బిడ్డకు ఎనిమిదింట ఒకటి, అనగా ఒకే తండ్రికి పుట్టిన సవతి తోబుట్టువుల సంతానముతో సమానము. గోత్రము తండ్రి వెంట మాత్రమే నడచుట వలన తల్లి వైపునుండి వచ్చు రక్తమునకు అది గ్రుడ్డిది. మేకల పెంపకందారులలో లెక్క వ్రాయు పుణ్యాత్ములు కూడ ఏ పోతు పిల్లయో వ్రాసి తృప్తిపడుదురే కాని, తల్లి ఎవరు, ఆ తల్లికి తల్లి ఎవరు అని వ్రాయరు. ఆ పుస్తకము సగము పుస్తకమే.

ఇక అసలు లెక్క. మందలో తలలెన్ని యని అడిగినచో మనము మేకలను, పోతులను కలిపి చెప్పుదుము. జన్యుసంపద దృష్ట్యా ఆ సంఖ్యకు విలువ స్వల్పము. పోతుల సంఖ్యను మేకల సంఖ్యతో గుణించి, నాలుగింతలు చేసి, ఆ రెంటి మొత్తముతో భాగించగా వచ్చునదే మంద యొక్క నిజమైన బలము. దానిని ప్రభావక సంఖ్య అందురు. నా 25 మేకలకు, ఒక్క కాటుకకు ఈ లెక్క వేసినచో 4కు కూడ లోపుగా తేలినది. 26 తలలున్న దొడ్డిలో నిజముగా ఉన్నవి నాలుగు ప్రాణులు! మేకలను 100కు పెంచినచో బాగుపడునేమో యని ఆశపడితిని. అప్పుడును 4 దాటలేదు. మేకలను 25 గానే ఉంచి పోతులను 5 చేసినచో మాత్రము ఆ సంఖ్య 16 దాటినది. డెబ్బదియైదు మేకలను కొన్నను రానిది నాలుగు పోతులతో వచ్చినది. ఈ ఒక్క లెక్కను కాగితముపై స్వయముగా వేసి చూచినవానికి ఈ అధ్యాయములో మిగిలినదంతయు సులభముగా బోధపడును.

ప్రభావక సంఖ్యను రెట్టింపు చేసి, ఆ సంఖ్యతో ఒకటిని భాగించినచో తరమునకు ఎంత చొప్పున అంతఃప్రజననము, అనగా రైట్ లెక్కించిన ఆ అవకాశము, పెరుగునో తెలియును. కాటుక ఏలుబడిలో అది నూటికి 13. ఐదు పోతులున్నచో నూటికి 3. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తన మార్గదర్శకములలో ప్రభావక సంఖ్య కనీసము 50 ఉండవలెనని, అనగా తరమునకు నూటికి 1కి మించి ఈ పెరుగుదల ఉండరాదని చెప్పుచున్నది. 15 పోతులు, 75 మేకలు ఉన్నచో సరిగా 50 వచ్చును. ఒక్క గృహస్థుడు పదునైదు పోతులను మేపుట యనగా ఏమో, వాటి కంపును, వాటి కుమ్ములాటలను ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. కనుక జాతిరక్షణము ఒక్క దొడ్డిలో సాగు పని కాదు. ఐదారు ఊళ్ళలో పదిపదునైదు ఇండ్లవారు ఒక మాట మీద నిలిచి చేయవలసిన పని. మనిషికి మనిషికి పొసగని చోట మేకకు మేక ఎట్లు పొసగునని మీరడిగినచో, ఆ కష్టమే ఈ విద్యలో పెద్ద కష్టమని ఒప్పుకొందును.

సంఖ్య ఎప్పుడును ఒకేరీతిగా నిలువదు. వరుసగా నాలుగు తరములలో 100, 100, 10, 100 అని ఉన్నచో సగటు 77.5 అని మురియవలదు. ఇట్టి సగటును తలక్రిందులుగా తీయవలెను: ఒక్కొక్క సంఖ్యతో ఒకటిని భాగించి, వచ్చినవాటి సగటు కట్టి, ఆ సగటుతో మరల ఒకటిని భాగింపవలెను, అప్పుడది 31 మాత్రమే యగును. పి.పి.ఆర్. అను పారుడు రోగము, 1987లో తమిళనాడులో మొదట గుర్తింపబడినది మొదలు, మన దేశమున ఎన్ని మందలను ఇట్లు పదికి దించినదో చెప్పతరము కాదు. టీకా వేయించుట వైద్యమే కాదు, జన్యుసంపదకు కట్టిన గట్టు కూడ. మందను రెండు మూడు ఊళ్ళలో చీల్చి ఉంచుట కూడ అట్టిదే.

పోతుల లెక్క తప్పినచో ఏమగునో లోకమున ఒక విచిత్రమైన నిదర్శనము కలదు. కాలిఫోర్నియా తీరమునకు ఎదురుగా శాన్ క్లెమెంటె యను ద్వీపమున్నది. 1875లో అచ్చటికి తెచ్చి విడిచిన మేకలు శతాబ్దకాలము స్వేచ్ఛగా ప్రబలి, దీవిలోని అరుదైన మొక్కలను మేసివేయుచుండగా, దీవికి యజమానియైన అమెరికా నౌకాదళము వాటిని లేకుండ చేయదలచెను. తుపాకులకు జడిసిన జంతుప్రేమికులు 1980 దశకమున హెలికాప్టరులనుండి వలలు విసరి వేలకొలది మేకలను పట్టి ఒడ్డునకు చేర్చిరి. ఎంత కరుణ! కాని పెంపకమునకిచ్చిన పోతులలో పెక్కింటికి ముందుగనే వృషణములు తొలగించిరి. ప్రాణములు దక్కినవి, జాతి మాత్రము చేతివేళ్ళ సందునుండి జారిపోయినంత పని యైనది. తరువాతి కాలమున మిగిలిన కొలది మేకలతో పెంపకందారులు పడిన పాట్లకు, వారి కడ తలలు తక్కువగుట ఒక కారణము, విత్తనపు పోతులు తక్కువగుట అంతకంటె పెద్ద కారణము.

దీనికి ఎదురుగా చిల్లింగ్‌హాము పశువులను చూపువారు కలరు. ఇంగ్లండు ఉత్తరప్రాంతమున ఒక ఉద్యానములో శతాబ్దములుగా బయటి రక్తమెరుగక బ్రతుకుచున్న ఆ తెల్లని పశువులు 1947 నాటి ఘోరమైన చలికాలము తరువాత 13 మిగిలి, మరల వృద్ధిపొందెను. కావున అంతఃప్రజననము అంత చెడుగు కాదని వారి వాదము. నాకది సమ్మతము కాదు. బ్రతికిన మంద గూర్చి గ్రంథములు వ్రాయుదురు; అదే దారిని నడచి దొడ్డితోపాటు మాయమైన మందల గూర్చి వ్రాయువారెవరు?

ఇక ఆచరణము. ఐదు పోతులు, ఇరువదియైదు మేకలు ఉన్నవనుకొనుడు. అవి ఒక్క దొడ్డిలోనివి కానక్కరలేదు, ఐదిండ్లలో ఐదేసి యుండవచ్చును. మేకలను ఐదు కుదుళ్ళుగా విభజించి మెడలకు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలము, తెలుపు త్రాళ్ళు కట్టుడు. ఆడపిల్ల తల్లి త్రాటినే ధరించి తల్లి కుదుటనే ఉండును. మగపిల్ల పెద్దదైన తరువాత, ఎరుపు కుదుటిది పసుపునకు, పసుపుది ఆకుపచ్చకు, ఇట్లే వరుసగా పోయి తెలుపుది ఎరుపునకు చేరును. మన మాటలో చెప్పవలెనన్న పోతులన్నియు ఇల్లరికపుటల్లుండ్రు. పుట్టినింటిలో వాటికి పని లేదు. చేరినయింటిలో పుట్టిన పిల్లలు తల్లి ఇంటివే కాని వాటివి కావు. ఈ పద్ధతిలో తోబుట్టువులు ఎన్నడును కూడవు. ఎవరి వంశవృక్షమును తిరుగవేయకయే దగ్గర చుట్టరికములు చాల తరములవరకు దూరముగా ఉండును. ఒక్క జాగ్రత్త మాత్రము వలయును. అల్లుడు చేరిన యింట వాని కూతుళ్ళు ఎదకు వచ్చులోపల వానిని అచ్చటినుండి తప్పింపవలెను. మేక చూలు 150 దినములు. పుట్టిన మరక మంచి మేపు మీద ఏడెనిమిది నెలలకే ఎదకు వచ్చును. కనుక ఏడాది నిండగనే వాడు కదలవలెను.

పోతులకు వారసులను ఎన్నుకొనునప్పుడు మన కన్ను మనలను మోసగించును. ఐదింటిలో ఒక పోతు పిల్లలు బలిష్ఠములై కనబడగనే, వాని కొడుకులనే ముగ్గురను నిలిపి తక్కినవారిని సంతకు తోలుదుము. ఆ క్షణముననే ఐదు పోతుల లెక్క చెడినది. నియమము ఇది: ప్రతి పోతుకును ఒక కొడుకు, ప్రతి మేకకును ఒక కూతురు. ఇంతకు మించరాదు, తగ్గరాదు. ఈ సమపంక్తి వలన ఆ ఐదు పోతుల, ఇరువదియైదు మేకల మందలోనే తరమునకు నూటికి 3గా ఉన్న పెరుగుదల నూటికి 2కు దిగును. పైసా ఖర్చు లేదు, కొత్త మేక ఒకటి కొననక్కరలేదు. కంటికి పని లేకపోలేదు. దాని పొలిమేర మారినది. ఈ పోతు మేలా ఆ పోతు మేలా యని కాక, ఈ పోతు కొడుకులలో ఎవడు మేలో చూడుడు. వికారముగా ఉన్న కుంటి ఎర్రమేకకు కూడ ఒక కూతురు మిగులవలెనని నోటితో చెప్పుట సులభము, దొడ్డిలో నిలిచి చేయుట కష్టము. నేను రెండు పర్యాయములు ఆ మేక కూతురిని అమ్మబోయి వెనుకకు తోలుకొనివచ్చితిని.

మన పల్లెలలో తలక్రిందుల వరణము కూడ ఒకటి జరుగుచున్నది. బక్రీదునకును జాతరకును మంచి ధర పలుకునది ఎదిగిన అందమైన పోతు. అది ముందుగా పోవును. అమ్ముడుపోని బక్కది మిగిలి మందను దాటును. కావున వారసుడని నిర్ణయించిన పిల్లకు మూడవ నెలలోనే చెవి ట్యాగు వేసి, ఇంటిలో అందరికిని చూపి, అది అమ్మకములో లేదని చాటుడు. వారసులు కాని మగపిల్లలను మూడు నాలుగు నెలలలోపల తల్లులనుండి వేరుచేయుడు, లేదా విత్తులు కొట్టించుడు. నాలుగు నెలల పోతుపిల్ల ఇంకను పాలు మరువలేదని మీరనుకొనుచుండగనే అది తన అక్కను దాటియుండును.

పిల్లకు తండ్రి ఎవరో తెలియుటకు చిన్న ఉపాయము కలదు. మేక 21 దినములకొకసారి ఎదకు వచ్చును గనుక, పోతును 45 దినములు కుదుటిలో విడిచినచో ప్రతి మేకకును రెండు అవకాశములు దొరకును. పోతును మార్చవలసినప్పుడు మూడు వారములు ఏ పోతును విడువకుడు. ఆ ఎడము ఉన్నచో ఈనిన తేదీయే తండ్రి పేరు చెప్పును. ఎడము లేనిచో దేవుడే చెప్పవలెను. పుస్తకములో వ్రాయవలసినవి కొలదియే: పిల్ల ట్యాగు సంఖ్య, పుట్టిన తేదీ, తల్లి, తండ్రి, కుదురు, పుట్టినప్పటి బరువు, చచ్చినచో ఎప్పుడు, ఎందుచేత. చచ్చిన పిల్లలను వ్రాయక వదలుట అందరును చేయు పొరపాటు. మంద కథలో ముఖ్యమైన పుటలు అవే.

కొమ్ముల సంగతి వేరుగా చెప్పవలసియున్నది. కుమ్మదు, కంచెలో తగులుకొనదు అని బోడి మేకలను, బోడి పోతులను ఇష్టపడువారు కలరు. మేకలలో బోడితనమునకు కారణమైన జన్యువు తల్లిదండ్రులిరువురినుండియు వచ్చినచో ఆ ఆడపిల్ల ఆడది కాదు, మగది కాదు. పైకి మరకవలె పెరిగి, పోతువలె కంపుకొట్టుచు, ఎన్నటికిని చూలు కట్టదు. కావున జంటలో ఒకదానికైనను పుట్టుకతో కొమ్ములు ఉండి తీరవలెను. చిన్న మందలో రెండు మూడు మరకలు ఇట్లు వ్యర్థమైనచో అది రెండు మూడు వంశములు తెగుటయే. నాటువైద్యుని పిలిచి తాయెత్తులు కట్టించిన ఇండ్లు నేనెరుగుదును.

రక్తము మార్చవలెనని పెద్దలందురు. మాట మంచిదే, చేత చెడ్డది. రక్తము మార్చుటయనగా బారెడు చెవుల జమునాపారినో, మాంసపు ముద్దవంటి బోయరునో తెచ్చి నాటు మేకలను దాటించుటయని పలువురి అభిప్రాయము. మొదటి ఈతలో పిల్లలు దుక్కలుగా పుట్టును, నిజము. మూడవ తరమునకు మీరు రక్షింపబూనిన జాతి మీ దొడ్డిలో ఉండదు. జమునాపారి కథయే దీనికి వేరొక ముఖము. యమునా చంబలు నదుల నడుమ, ఇటావా జిల్లా చకర్‌నగర్ ప్రాంతపు లోయలలో పుట్టిన ఆ మేకను ఇతరుల మందలను బాగుచేయుటకై దేశదేశములకు కొనిపోయిరి. ఇండోనేషియాలో ఇటావా పేరనే దాని సంకరజాతి యొకటి వెలసినది. పుట్టినింట మాత్రము శుద్ధమైన మేక అపురూపమైనది. మీకు కావలసినది అదే జాతికి చెందిన, వేరొక ఊరి పోతు. వేర్వేరు దొడ్లలో ఉన్న మందలు వేర్వేరు జన్యువులను పోగొట్టుకొనుచుండును. ఒకరు పోగొట్టుకొన్నది మరియొకరి కడ మిగిలియుండును. తరమునకొక పోతు అటునుండి ఇటు మారినను ఆ మందలు ఒకదానికొకటి మరీ పరాయివి కాకుండ నిలుచును. వచ్చిన పోతును మూడు నాలుగు వారములు విడిగా కట్టి, రోగములేదని తెలిసిన పిదపనే కుదుటిలోనికి విడువుడు.

వీర్యమును గడ్డకట్టించి దాచు ఏర్పాటు కర్నాలులోని జాతీయ పశు జన్యువనరుల సంస్థలో కలదు. అది పాతరలోని ధాన్యమువంటిది; పొలము మీదే.

కాటుక సంగతి చెప్పక విడిచితిని. దానిని కసాయికి అమ్మలేక, దొడ్డిలో ఉంచలేక ఒక చలికాలమంతయు గడిపితిని. తుదకు ఇరువది కోసుల దూరమున, కర్ణాటకపు సరిహద్దులో, అదే జాతి మేకలు గల యొక రైతు తన పోతును నాకిచ్చి దీనిని తీసికొనిపోవుటకు అంగీకరించెను. ట్రాలీ ఆటోతో వచ్చెను. సంతలో అందరివలె వెన్ను తడుముననుకొంటిని. అతడు దాని వంక తేరిపార చూడనే లేదు, అరుగు మీద కూర్చుండి, నా నోటుపుస్తకమునకై చేయి చాచి, “దీని తల్లి ఏది?” అని అడిగెను.